అంబులెన్సు ఇల్లయిన వైనం

ప్రత్యేక సంచికకు "ఏదైనా చరిత్ర విషయం రాయండి, మీకు పాత ఫైళ్ళు బాగా జ్ఞాపకం కదా" అని సంఘం కార్యదర్శి గారు అడిగారు. ఉదయగిరి కోట గురించి రాద్దామా, మనుమసిద్ధి గురించి, తిక్కన గారి గురించి రాద్దామా అని ముందు ఆలోచించాను. అవన్నీ మనవాళ్ళు ఇదివరకే చాలాసార్లు రాసి ఉన్నారు, నాకన్నా బాగా రాశారు. నాకు తెలిసిన చరిత్ర అంతా లాగ్ బుక్కుల్లోనూ, స్టాకు రిజిస్టర్లలోనూ ఉన్నది. అందుచేత ఒక బండి చరిత్ర రాస్తున్నాను. ఆ బండి పదిహేనేళ్ళు ప్రభుత్వ అంబులెన్సుగా పనిచేసి, మనలాగే రిటైరై, ఆ తరువాత మైపాడు ఇసుకలో ఇల్లుగా మారింది. ఇందులో నేను సర్వీసులో ఉండగా చెప్పలేని సంగతి ఒకటి ఉన్నది. దాన్ని ఆ చోటు వచ్చినప్పుడు చెబుతాను.

మైపాడు తెలియని వారి కోసం, ముఖ్యంగా హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉన్న మన పిల్లల కోసం రెండు మాటలు. నెల్లూరులో మైపాడు గేటు దాటి తూర్పుగా ఇందుకూరుపేట మీదుగా సుమారు 25 కిలోమీటర్లు పోతే సముద్రం వస్తుంది. దారి పొడుగునా పెన్నా డెల్టా వరిచేలు. ఇప్పుడు వాటిలో చాలా భాగం రొయ్యల గుంటలు. ఆ పైన బకింగ్‌హాం కాలువ, సరుగుడు తోపులు, ఇసుక, అలలు. నేను పుట్టిన ఊరు అదే.

మా చిన్నతనంలో ఊళ్ళో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే నులకమంచం తిరగేసి, కోళ్ళకు తాళ్ళు కట్టి, బొంగు దూర్చి నలుగురు భుజాన వేసుకుని నడిచేవారు. కాస్త ఉన్నవారైతే గూడుబండి కట్టేవారు. అంతకు ముందు తరంలో, మద్రాసు పెద్దాసుపత్రికి కాలువలో పడవ మీద పోయినవారిని మా నాయన ఎరుగును. ఆ కాలువ సంగతి మన జిల్లా వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1806లో మద్రాసు దగ్గర మొదలై, 1876-78 కరువులో కూలిపని కల్పించడానికి పొడిగించబడి, అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టుకున్నది. పెద్దగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. ఉప్పు, కట్టెలు, ధాన్యం మోసిన ఆ పడవల్లో పడవవాళ్ళు కుటుంబాలతో సహా కాపురం ఉండేవారని మా నాయన చెప్పేవాడు. వంట పడవలోనే, పడక పడవలోనే, పసిబిడ్డకు ఉయ్యాల కూడా పడవలోనే. కనుక బండిలో కాపురం అంటే ఈనాటి పిల్లలు కనిపెట్టిన వింత అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అంబులెన్సు అనే మాటకు మూలం లాటిను భాషలో నడవడం అనే అర్థమున్న ధాతువు. ఫ్రెంచివారు సైన్యం వెంట కదిలే ఆసుపత్రిని నడిచే ఆసుపత్రి అనేవారు. అంటే ఆ మాటకు మొదటి అర్థం బండి కాదు, ఆసుపత్రే. నెపోలియన్ సైన్యంలో పనిచేసిన లారే అనే శస్త్రవైద్యుడు 1790ల దశకంలో తేలికపాటి గుర్రబ్బండ్లను యుద్ధరంగం మధ్యకు తోలించి, దెబ్బతిన్నవారిని అక్కడికక్కడే ఎత్తించడం మొదలుపెట్టాడు. క్రమంగా బండికే ఆ పేరు స్థిరపడింది.

మనవాళ్ళ చరిత్రలో అంబులెన్సు అంటే బండి కూడా కాదు, భుజం. 1899లో దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషువారికి, బోయర్లకు యుద్ధం వచ్చినప్పుడు గాంధీగారు నేటాలులో భారతీయుల అంబులెన్సు దళం ఏర్పాటు చేశారు. సుమారు 1,100 మంది. వారిలో ఎక్కువమంది గిరిమిటి కూలీలు. చెరకు తోటల్లో పని చేయడానికి మద్రాసు రేవులో ఓడ ఎక్కిన తెలుగు, తమిళ కూలీలు నేటాలులో వేల సంఖ్యలో ఉండేవారు. కొలెన్సో, స్పియాన్ కోప్ యుద్ధాల్లో ఈ దళం వారు గాయపడిన సైనికులను డోలీల్లో పెట్టి రోజుకు 20, 25 మైళ్ళు నడిచారు. వారు మోసినవారిలో జనరల్ వుడ్‌గేట్ ఒకడు. మోసిన కూలీల్లో ఎందరి పేర్లు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కాయి? స్ట్రెచరు మీద పడుకున్నవాడి పేరు రిజిస్టరులో ఉంటుంది, మోసినవాడి పేరు ఉండదు. ఇది మన ఆఫీసు రిజిస్టర్లలోనూ అంతే.

స్వాతంత్ర్యం తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. వాటికి ఐక్యరాజ్యసమితి బాలల నిధి, అంటే యునిసెఫ్, జీపులు ఇచ్చింది. టీకాలకు, కుటుంబ నియంత్రణ క్యాంపులకు, పెద్ద అధికారుల తనిఖీలకు, అవసరం పడితే రోగికి కూడా అవే జీపులు. 1984 నవంబరులో శ్రీహరికోట వైపు తీరం దాటిన తుఫాను మన జిల్లాను అల్లకల్లోలం చేసింది. ఆ మరుసటి సంవత్సరం, 1985లో, మా శాఖకు ఒక కొత్త అంబులెన్సు వచ్చింది. మహీంద్రా జీపు మీద పొడుగు బాడీ కట్టినది, ఎత్తు టాపు, వెనుక రెండు రెక్కల తలుపు, కింది సగం తెల్లగా మసక చేసిన అద్దాలు. దాని విశేషమేమంటే గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉండేది. అది వేస్తే ముందు చక్రాలకు కూడా పుల్లింగు వచ్చేది. సముద్రతీరపు ఊళ్ళ కోసమే దాన్ని ఇచ్చారని అనుకునేవాళ్ళం. నేనప్పుడు యు.డి.సి.ని. కొత్త బండికి కొబ్బరికాయ కొట్టినప్పుడు ప్రసాదం పంచింది నేనే.

ఇక 1989. నవంబరు 8న కావలి దగ్గర తీరం దాటిన తుఫానును మన వయస్సు వారెవరూ మరిచిపోలేదు. ఆ వారంలోనే మా అమ్మకు పక్షవాతం వచ్చింది. ఊళ్ళో కరెంటు లేదు, టెలిఫోను తీగలు నేలమీద ఉన్నాయి. ఇందుకూరుపేట దాకా మనిషిని సైకిలు మీద పంపితే, సహాయ కార్యక్రమాలకని ఆ పక్కకు వచ్చి ఉన్న మా అంబులెన్సే ఎదురైంది. దారికి అడ్డంగా చెట్లు. డ్రైవరు గొడ్డలి పెట్టుకునే వచ్చాడు. కొన్నిచోట్ల రోడ్డు వదిలి పొలాల్లో, ఇసుకలో, ఆ చిన్న రాడ్డు వేసుకుని నడిపాడు. 25 కిలోమీటర్లకు ఐదు గంటలు పట్టింది. నేను, మా అక్క అమ్మకు చెరొకపక్క కూర్చున్నాము. మైపాడు గేటు దగ్గరకు వచ్చేసరికి నా చెయ్యి పట్టుకున్న అమ్మ పట్టు సడలింది. అప్పటికీ పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. డాక్టరుగారు చూసి తల అడ్డంగా ఊపారు.

అంబులెన్సు ఉన్నది రోగికి. శవాన్ని ఎక్కించడానికి రూలు ఒప్పుకోదు. ఆ సంగతి నాకన్నా తెలిసిన గుమాస్తా ఎవరుంటారు? తుఫాను రోజుల్లో వేరే బండి దొరకదు. నేను ఆసుపత్రి వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంటే డ్రైవరు నా దగ్గరకు వచ్చి, "సార్, నేను ఎట్టాగూ ఖాళీ బండి తోలుకుని మైపాడు దిక్కే పోతా ఉండా. మీరు ఎక్కండి" అన్నాడు. అంతకుమించి ఒక్కమాట అనలేదు. అమ్మను ఆ బండిలోనే ఇంటికి తెచ్చుకున్నాము.

పదేళ్ళు గడిచాయి. 2000 సంవత్సరం నాటికి నేను సీనియర్ అసిస్టెంటును, వాహనాల సీటు నాది. ఆ అంబులెన్సు ఇంజను రెండుసార్లు విప్పి బిగించినదైంది, స్పీడోమీటరు ఎప్పుడో ఆగిపోయింది. కండెమ్ చేయడానికి ఫైలు పెట్టమన్నారు. కండెమ్ అంటే బయటివారికి ఒక్క మాట. మనకు అది పెద్ద తతంగం. హిస్టరీ షీటు రాయాలి. కొన్న ధర, నడిచిన కిలోమీటర్లు, మరమ్మతులకు అయిన ఖర్చు తేల్చాలి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు చూసి, ఇది బాగుచేయడానికి గిట్టుబాటు కాదని సర్టిఫికెట్ ఇవ్వాలి. కమిటీ సంతకాలు కావాలి. అప్‌సెట్ ప్రైసు నిర్ణయించి, వేలం ప్రకటన ఇచ్చి, ధరావతు కట్టించుకుని, పాట ముగిశాక సొమ్ము చలానాతో ట్రెజరీకి జమచేయాలి. దీనికంతా ఆధారం లాగ్ బుక్కులు. పదిహేనేళ్ళ లాగ్ బుక్కులు బీరువాలోంచి తీసి, దుమ్ము దులిపి, ఒక్కొక్క పేజీ కూడుతూ వచ్చాను.

1989 నవంబరు పేజీ వచ్చింది. డ్రైవరు చేతిరాత. మైపాడు నుంచి నెల్లూరు, పేషెంటు 1. దాని కింద నెల్లూరు నుంచి మైపాడు, ఖాళీ.

ఆ 'ఖాళీ' అనే మాట తప్పుడు ఎంట్రీ అని ఈ భూమ్మీద అధికారపూర్వకంగా తెలిసిన గుమాస్తాను నేనొక్కడినే. ఆ పేజీ చివర మొత్తం వేసి పొట్టి సంతకం చేశాను. ముప్ఫై ఏడేళ్ళ సర్వీసులో తెలిసి తెలిసి ఒక అబద్ధాన్ని సరిచూశానని సంతకం పెట్టింది అదొక్కసారే. ఆడిట్ వారు ఇప్పుడు అభ్యంతరం రాసినా సమాధానం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ డ్రైవరు రిటైరైన కొద్దికాలానికే పోయాడు. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. అతని పిల్లలకు తెలుసు.

వేలం సంగతి మాటల్లో మా అక్కతో అన్నాను. అలాంటి బండ్లను సాధారణంగా పాత ఇనుము వర్తకులు పాడుకుని కోసి తూకానికి అమ్ముకుంటారు. మా అక్క కళ్ళెర్రజేసింది. "రేయ్ అబ్బయా, అమ్మ ఆఖరిసారి పండుకున్న బండి రా అది. దాన్ని ఇనప సామాన్లోడు ముక్కలు కోస్తా ఉంటే నువ్వు చలానా రాసుకుంటా కూర్చుంటావా?" అన్నది. మా బావ డీజిల్ మెకానిక్కు, ఇందుకూరుపేటలో షెడ్డు ఉండేది. ఆయన పాటలోకి దిగుతానన్నాడు. నేను వద్దన్నాను. చనిపోయినవారిని మోసిన బండి ఇంటికెందుకు, డబ్బు దండగ అన్నాను. అసలు కారణం వేరు. ఆ వెనుక తలుపు మళ్ళీ తెరిచి చూడటం నాకు ఇష్టం లేదు. నా బంధువు పాట పాడుతున్నాడు గనుక ఆ రోజు సీటు వేరొకరికి అప్పగిస్తూ నోటు పెట్టి, సెలవు చీటీ ఇచ్చి ఇంట్లో కూర్చున్నాను. బావకే పడింది.

మా బావకు బండిని ఇల్లు చేద్దామన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. 1982లో ఎన్.టి. రామారావు గారి చైతన్యరథం మన జిల్లాకు వచ్చినప్పుడు మేమిద్దరం జనంలో నిలబడి చూశాము. ఆ సంవత్సరం మార్చి 29న ఆయన పార్టీ పెట్టారు. పాత షెవర్లే వ్యాను ఒకటి తీసుకుని, పైన నిలబడి మాట్లాడడానికి వీలుగా, లోపల పడుకోవడానికి, కూర్చోవడానికి వీలుగా మార్పించారు. కుమారుడు హరికృష్ణ గారు దాన్ని నడిపేవారు. నెలల తరబడి ఆయన ఇల్లు అదే. రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే భోజనం, నిద్ర బండిలో. వేలాది కిలోమీటర్లు అలా తిరిగి 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. తెలుగుదేశంలో ఒక పాత వ్యాను ఇల్లయిన ఘట్టాల్లో లోకమంతా ఎరిగినది అదే. జనమంతా పైకి, ఆయన ముఖం వైపు చూస్తుంటే మా బావ మాత్రం వంగి బండి కిందకు చూస్తున్నాడు. "ఇంత బరువు పైన పెట్టినారే, పట్టీలు ఎట్టా ఆగుతున్నాయో" అన్నాడు. (ముఖ్యమంత్రి అయిన కొత్తలోనే రామారావు గారు మన పదవీ విరమణ వయస్సు 58 నుంచి 55కు తగ్గించిన సంగతి, మన పెద్దలు ఒక్క కలంపోటుతో ఇంటికి పోయిన సంగతి ఈ సంచిక చదివేవారికి నేను గుర్తుచేయనక్కరలేదు. కొందరు అప్పటి నుంచి ఆ రథం పేరెత్తితే ముఖం తిప్పుకుంటారు. నేను బండి గురించి మాత్రమే రాస్తున్నాను.)

బయటి దేశాల సంగతి తరువాత చదివి తెలుసుకున్నాను. విలాసంగా తిరగడానికని ఇల్లు కట్టిన మొదటి బండ్లలో ఒకటి 1885 నాటి 'వాండరర్'. దాన్ని చేయించుకున్న గోర్డన్ స్టేబుల్స్ ఇంగ్లీషు నౌకాదళంలో డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి, అంటే మనవాడే. రెండు గుర్రాలు కట్టి లండను పడమటి పల్లెల నుంచి స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా పోయాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆస్టిన్ కంపెనీ కె2 అనే అంబులెన్సులు 13,000కు పైగా తయారుచేసింది. నాలుగు స్ట్రెచర్లు పట్టేవి. 1945లో యువరాణిగా ఉన్న ఎలిజబెత్ సైన్యంలో చేరి బండి నడపడం, మరమ్మతు చేయడం నేర్చుకున్న రోజుల్లో చేతబట్టిన బండ్లలో అదీ ఒకటి. యుద్ధం అయిపోయాక ఇలాంటి మిగులు బండ్లను జనం కొని ఇళ్ళుగా, దుకాణాలుగా మార్చుకున్నారు. జర్మనీలో ఫోక్స్‌వాగన్ వారు 1950లో ఒక వ్యాను తెచ్చారు. 1951 నాటికి అదే వ్యానుకు అంబులెన్సు రూపం ఒకటి, లోపల మంచం, బల్ల, అలమరలు అమర్చే ఇంటి రూపం ఒకటి వచ్చాయి. పుట్టుకలోనే అవి అన్నదమ్ములు. ఒక మనిషి కాళ్ళు చాపి పడుకోగల బండి, పక్కన ఇంకొకరు కూర్చోగల బండి, సామాను పెట్టే అర, వెలుతురు, మరుగు. ఇన్నీ ఉన్న తరువాత దానికి ఇల్లు కావడానికి ఏం తక్కువ?

మా బావ కూడా ఇదే మాట మెకానిక్కు భాషలో అన్నాడు: "దీన్లో సగం ఇల్లు ముందే ఉండాది." షెడ్డులో ఆయన చేసిన పనిని నేను దూరం నుంచే చూశాను గానీ, వివరం మాత్రం బాగా గుర్తుంది. ముందు లోపల ఉన్న రెగ్జిను, స్పాంజి, రబ్బరు అంతా పీకి తగలబెట్టాడు. ఫినాయిలు, బ్లీచింగు పౌడరు నీళ్ళతో కడిగి, తలుపులు తెరిచి పది రోజులు ఎండలో ఉంచాడు. నేల రేకు తీస్తే కింద తుప్పు. పదిహేనేళ్ళు కడిగిన నీళ్ళు, సముద్రపు గాలి కలిసి దాన్ని అప్పడం చేశాయి. కొత్త గళ్ళరేకు వేసి, కింద రెడ్ ఆక్సైడు రెండు పూతలు కొట్టి, పైన నీటికి తట్టుకునే ప్లైవుడ్డు పరిచాడు. స్ట్రెచరు జారే పట్టాలు తీయలేదు. వాటిమీదే ఆరడుగుల బల్ల అమర్చాడు. పగలు లోపలికి తోస్తే చోటు, రాత్రి లాగితే మంచం. రోగి వెంట వచ్చినవారు కూర్చునే బెంచీ కింద పెట్టె చేసి బియ్యం, పప్పు, బట్టలు పెట్టే వీలు చేశాడు. ఆక్సిజను సిలిండరు బిగించే క్లాంపులో మంచినీళ్ళ డ్రమ్ము కూర్చుంది. సెలైను సీసా తగిలించే కొక్కానికి దోమతెర.

పొయ్యి విషయంలో మాత్రం ఆయన కచ్చితం. కిరసనాయిలు స్టవ్వు బండిలోపల వెలిగించకూడదు, ఎంత వానైనా సరే. వెనుక టార్పాలిను దించుకుని దాని కింద, గాలి ఆడే చోటే వంట. లైటుకు, చిన్న ఫ్యానుకు రెండో బ్యాటరీ పెట్టి, దానికి విడిగా స్విచ్చి పెట్టాడు. రాత్రంతా ఫ్యాను తిరిగినా పొద్దున బండి స్టార్టు కావడానికి మొదటి బ్యాటరీ చెక్కుచెదరకుండా ఉండాలి గదా. ఎర్రలైటు, సైరను తీసి అప్పగించేశాడు. బండి మీద తెల్ల రంగు కొత్తగా వేశాడు. అయినా ముందు బండివాడి అద్దంలో సరిగ్గా కనబడాలని తిరగేసి రాసిన ఆ అక్షరాలు పొద్దుటి ఏటవాలు ఎండలో రంగు కింద నుంచి కొద్దిగా తేలి కనిపించేవి. ఇంకో పూత వేయమంటే, "ఉండనీలే, అది దాని ఉద్యోగం పేరు" అన్నాడు బావ.

ఆ తరువాత కాగితాలు. అంబులెన్సు అన్న తరగతి తీయించి సొంత వాడుక బండిగా రాయించడానికి నాలుగు నెలలు తిరిగాడు. దరఖాస్తులో ఇల్లు అని రాయడానికి కాలం లేదు. నేనే కూర్చుని మూడుసార్లు అర్జీ మార్చి రాసిపెట్టాను. ఆ పనికి మాత్రం నేను దూరంగా ఉండలేకపోయాను. ఒక గుమాస్తా రాసిన అర్జీని ఇంకొక గుమాస్తా తిప్పి పంపితే పౌరుషం వస్తుంది.

2001 సంక్రాంతి ముందు మా అక్క బండికి పసుపునీళ్ళు చల్లి, గుమ్మానికి మామిడాకులు కట్టి, వెనుక టార్పాలిను కింద పాలు పొంగించింది. గృహప్రవేశమే. నన్ను లోపలికి రమ్మన్నారు. చెప్పులు విడవడానికని వంగి, లేవడానికి కొంచెం ఆలస్యం చేశాను. మా అక్క ఏమీ అనకుండా ఆ బెంచీ మీద, ఆ రోజు తాను కూర్చున్న చోటే కూర్చుని, ఎదురుగా ఉన్న నా చోటు చేత్తో చూపించింది. వెళ్ళి కూర్చున్నాను.

ఇసుకలో నడపడం వేరే విద్య. మొదటిరోజే సముద్రపు ఒడ్డున ఇరుసు దాకా దిగబడింది. బావ యాక్సిలేటరు తొక్కినకొద్దీ చక్రం గుంట తవ్వుకుంటూ కిందికే పోయింది. పల్లెపాలెం వాళ్ళు వచ్చి నవ్వి, చక్రాల కింద కొబ్బరి మట్టలు తొక్కించి, మోకు వేసి, పడవ లాగినట్టు పాటపాడుతూ లాగేశారు. వాళ్ళలో ఒక ముసలాయన, "గాలి దించయ్యా, ఒంటె కాలు చూడలేదా" అన్నాడు. అంటే టైరులో గాలి సగానికి తగ్గిస్తే అది వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. మళ్ళీ తారురోడ్డు ఎక్కేముందు గాలి కొట్టాలి, లేకపోతే టైరు వేడెక్కి చీలిపోతుంది. బావ అప్పటి నుంచి లారీవాళ్ళ కాలిపంపు బండిలోనే ఉంచుకున్నాడు. ఎత్తు టాపు కనుక పక్కకు వాలిన దిబ్బ మీద తోలరాదు. పోటు వచ్చే వేళ తడి ఇసుకలో నిలపరాదు. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కింద భాగమంతా కడగాలి. ఉప్పుకు జాలి లేదు.

సెలవులకు మా కుటుంబాలు ఆ బండిలో పులికాటు పక్షుల దగ్గరకు, సోమశిలకు, పెంచలకోనకు పోయాము. సర్వీసులో క్యాంపు అంటే నాకు టి.ఎ. బిల్లే గుర్తు. దొరల కాలంలో కలెక్టరు జమాబందీకి పోతే డేరాలు, మంచాలు, వంటసామాను, రికార్డు పెట్టెలు ఎడ్లబండ్ల మీద ముందు నడిచేవని మా పెద్ద గుమాస్తాలు చెప్పేవారు. క్యాంపు క్లర్కు ఆ బండి చివర కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాడు. నేను మాత్రం పెంచలకోనలో లోపల కాళ్ళు చాపి పడుకున్నాను. బిల్లు పెట్టనక్కరలేదు, హాల్టు లెక్కలేదు.

2004 డిసెంబరు 26, ఆదివారం. సునామీ. సముద్రం ముందుకు వచ్చిన ఆ ఉదయం మా బావ మైపాడులోనే ఉన్నాడు. మంచం బల్ల లోపలికి తోసి, బెంచీల మీద, నేల మీద ముసలివాళ్ళను, పిల్లలను కుక్కుకుని ఇందుకూరుపేటకు తిప్పాడు. సైరను లేదు కనుక హారను మీద అరచెయ్యి తీయలేదు. నాలుగు తిరుగుళ్ళు తిరిగాడని మా అక్క చెబుతుంది, ఐదని మా మేనల్లుడు చెబుతాడు. లాగ్ బుక్కు లేదు గనుక తేల్చలేను. ఆ మరుసటి ఏడాది, 2005 ఆగస్టు 15న 108 సర్వీసు మొదలైంది. ఇప్పుడు మైపాడులో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఫోను చేస్తారు, బండి వస్తుంది. మంచం తిరగేయనక్కరలేదు.

మా బావ 2013లో కాలం చేశాడు. ఆయన చేసినట్టు ఇవాళ ఎవరైనా చేద్దామంటే కుదిరేటట్టు లేదు. 2004లో కేంద్రం ప్రకటించిన వాహనాల జాబితాలో సొంత వాడుక క్యాంపర్ వ్యాను అనే పేరు చేరింది, అది మంచిదే. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఆపైన 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషను పునరుద్ధరణ లేదు. వాటిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకే పంపాలి. పొగ తగ్గుతుంది, ప్రమాదాలు తగ్గుతాయి. రూలు సబబే, నేనే ఆ సీటులో ఉంటే ఆ ఫైలు నేనే పెట్టేవాడిని. మా అక్క మాత్రం ఈ వార్త చదివి వినిపిస్తే, "అయితే మనది ముందే పుట్టి బతికిపోయింది" అన్నది.

ఆ బండి ఇప్పుడు మైపాడులో మా అక్క ఇంటి దొడ్లో, వేపచెట్టు కింద, ఇటుకల మీద నిలబడి ఉంది. చక్రాలు తీసేశారు, ఇంజను తీసి అమ్మేశారు, కాగితాలు రద్దయ్యాయి. పట్టాల మీద బల్ల మాత్రం ఇంకా జారుతుంది. వేసవి సెలవుల్లో మా మేనల్లుడి పిల్లలు ఇంట్లో ఏ.సి. గది వదిలిపెట్టి దానిలోనే పడుకుంటామని పోట్లాడుకుంటారు. కార్తీక మాసంలో సముద్రస్నానానికి మైపాడు వచ్చే సభ్యులెవరైనా చూడదలిస్తే చూడవచ్చు. తాళం చెవి మా అక్క కొంగున ఉంటుంది. ఆమెకు చెవులు సరిగా వినబడవు, కొంచెం గట్టిగా పిలవాలి.